అమ్మాయిని కొంచెం తెల్లగా చేయండి

మన పాత దేవాలయాలలో పెండ్లి ఫొటో తీయడం ఎంత కష్టమో ఆ పని చేసేవారికే తెలుసు. వెలుతురంతా పీఠం వెనుక కిటికీలో నుండి వస్తుంటే, వధూవరుల ముఖాలు నల్లని నీడలవుతాయి. పోనీ ఫ్లాష్ వేద్దామంటే, దూరం రెండింతలయ్యేసరికి ఆ వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ముందున్న తోడిపెండ్లికూతురు వెలిగిపోతుంది, వెనుక వరుసలోని అమ్మమ్మ చీకట్లో కలిసిపోతుంది.

ఇక కెమెరాలో వెలుతురును కొలిచే సాధనం ఒకటుంది. తన ముందున్నదంతా మధ్యరకం బూడిద రంగేనని దాని లెక్క. వధువు తెల్లచీర నిండుగా కనబడితే దానిని బూడిదకు దించుతుంది. పాపం, ఆమె ముఖం కూడా దానితోపాటే నల్లబడుతుంది. వరుని నల్లకోటు నిండుగా కనబడితే అంతా పాలిపోతుంది. అందుకే పని తెలిసినవాడు చీరను, కోటును వదిలి ముఖాన్ని కొలుస్తాడు. (మనుషులను సగటు లెక్కన తూచే అలవాటు యంత్రానికే ఉందనుకోకండి.)

అసలు ప్రశ్న పెండ్లయ్యాక స్టూడియోలో వస్తుంది. "అమ్మాయిని కొంచెం తెల్లగా చేయండి" అంటారు పెద్దలు. ఒక్కోసారి ఎవరూ అడగకుండానే ఆ పని జరిగిపోతుంది. ఇది మర్యాదా, అబద్ధమా?

ఉన్న విషయానికి, మన బుద్ధి గ్రహించినదానికి పొత్తు కుదరడమే సత్యమన్నారు పునీత థామస్ అక్వినాసు. గుడిలో వెలుతురు చాలక నల్లబడిన ముఖాన్ని తిరిగి పైకి తేవడం ఆ సత్యానికి సేవే. అక్కడున్న బంధువులు చూసిన ముఖం అదే కదా! లేని రంగు పూయడం మాత్రం వేరు. ఫిల్ము రోజులలో కొడాక్ సంస్థ లాబులకు పంపిన నమూనా చిత్రాలలో, చర్మం రంగుకు కొలతగా దశాబ్దాలపాటు ఉన్నది తెల్లజాతి స్త్రీయే. వేర్వేరు రంగుల స్త్రీలు ఉన్న నమూనాలు 1990లలో గాని రాలేదు. లోపం కొలతబద్దలో ఉంటే ముఖాన్ని దిద్దడమేమిటి?

"పౌడరు రాసుకోవడం లేదా ఫాదర్?" అంటారేమో. పౌడరు ఆమె ఇష్టంతో రాసుకున్నది, అందరూ చూసినది. ఇది అలా కాదు. అదే రంగున్న చెల్లెలు ఆ ఆల్బమ్ తిరగేసి ఏమనుకుంటుంది? సంబంధాలు చూసేటప్పుడు పంపే ఫొటోలో అయితే ఇది నేరుగా అవతలివారిని మోసగించడమే. దంపతుల సమ్మతియే వివాహాన్ని ఏర్పరుస్తుందని 1983 తిరుసభ చట్టం 1057వ నియమం చెబుతోంది. ఆ సమ్మతిలో ఒకరినొకరు ఇచ్చి పుచ్చుకుంటారు. వరుడు అందరి ఎదుట స్వీకరించినది చామనఛాయ అమ్మాయిని. గోడమీద పటంలో ఉన్నదెవరు మరి?

ఫొటోగ్రాఫరు మీద నాకు పెద్ద కోపం లేదు. మన నోటి నుండి వచ్చే మాటే ఆయన చేతికి పని చెబుతోంది. "పిల్ల కాస్త నలుపు, అయినా కళగల ముఖం" అంటాం. ఆ 'అయినా' ఎందుకండీ?

ఆల్బమ్ అచ్చుకు పోకముందు అమ్మాయినే పిలిచి చూపించండి. మేనమామలు, వదినలు కాసేపు పక్కకు జరిగితే మంచిది. బుగ్గ మీది మొటిమ తీసేయమంటుందా, తీసేయండి. అది ఎలాగూ వారంలో పోయేదే.