గన్నేరు మొక్క – మొదటి శీలం

తెలియక జరిగిన హింసకు మన బాధ్యత ఉంటుందా?

ఇంట్లో కుక్కపిల్ల గన్నేరాకు నమిలి చచ్చిపోయిందనుకోండి. చంపాలని ఎవరూ అనుకోలేదు. సంకల్పమే కర్మ అని బుద్ధుడు చెప్పాడు కాబట్టి ఆ ఇంటివాళ్లు హంతకులు కారు. నిజమే. అయితే అక్కడితో ఆగిపోదామా?

బాబాసాహెబ్ ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’లో అహింసను నియమంగా కాదు, సూత్రంగా చూడమన్నారు. నియమం ‘చంపకు’ అని ఊరుకుంటుంది. సూత్రం ఆలోచించమంటుంది. 1956లో నాగపూర్‌లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ప్రాణులపై దయతో ఉండి వాటిని కాపాడతామన్న మాట కూడా ఉంది. కాపాడాలంటే ముందు తెలుసుకోవాలి కదా!

మనం ప్రమాదం అంటే అనుకోకుండా జరిగేది అంటాం. పాళీలో పమాదం అంటే ఏమరుపాటు. తెలుసుకునే వీలుండీ పట్టించుకోకపోవడం ఏమరుపాటే.

గన్నేరు, పచ్చగన్నేరు నిలువెల్లా విషం, గుండెను దెబ్బతీస్తాయి. ఎండిన ఆకులోనూ విషం పోదు. సైకస్ గింజలు కుక్క కాలేయాన్ని పాడుచేస్తాయి. మనీప్లాంట్, డైఫెన్‌బేకియా కొరికితే నోరు మండి వాస్తుంది. మందారం, గులాబీ, మల్లె, అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్ పెంచుకోండి, భయం లేదు. ఏదైనా విషపుమొక్క తిన్నట్టు అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా, ఆ ఆకు కూడా పట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

గన్నేరు తప్పేమీ లేదు, అది దాని స్వభావం. జాగ్రత్త మనది. కొట్టేసిన కొమ్మలు వీధిలో పారేస్తే ఎవరిదో మేక తింటుంది. మన కుక్క మీదే దయ ఉంటే అది మమకారం. ఆ మేకను కూడా తలుచుకుంటే అది మైత్రి.

నమో బుద్ధాయ! జై భీమ్!