తాళం ఎవరిని గుర్తుపడుతుంది?

వేములవాడలో ఓ సోమవారం ఊహించుకోండి. కోరుట్ల నుంచో జగిత్యాల నుంచో వచ్చిన ఓ కుటుంబం కోడె మొక్కు చెల్లించి, దర్శనం చేసుకుని కారు దగ్గరికొస్తుంది. తాళంచెవి లోపల సీటు మీద కనిపిస్తూనే ఉంది, డోర్లు మాత్రం లాకైపోయాయి. ఆర్సీ, ఫోను కూడా లోపలే. అద్దంలోంచి తొంగిచూస్తున్న ఆ ఇంటాయనకీ, ఓ దొంగకీ దూరం నుంచి చూసేవాళ్లకి తేడా ఏం తెలుస్తుంది?

కారుకైనా తెలియదు. తాళానికి మనిషి అక్కర్లేదు, చెవి చాలు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల లెక్కలో పాస్‌వర్డ్ కూడా అంతే: కొట్టింది ఎవరని కాదు, సరిగ్గా కొట్టారా అనే సిస్టమ్ చూస్తుంది. చెవి లోపల ఉండిపోగానే ఓనరు తన బండికే పరాయివాడు. ఇక అది తనదని నమ్మాల్సింది ఇంకో మనిషి.

ఆ మనిషి డూప్లికేట్ తాళాలు చేసేవాడు. డోరు సందులో గాలి నింపే సంచి దూర్చి, పొడవాటి కడ్డీతో లోపలి బటన్ నొక్కేస్తాడు. ఇలాంటి విద్య నలుగురికీ తెలియడం ప్రమాదం కాదా? ఈ గొడవ పాతదే. 1851లో లండన్ మహా ప్రదర్శన జరుగుతున్నప్పుడు హాబ్స్ అనే అమెరికన్, చబ్ తాళాన్ని 25 నిమిషాల్లో తెరిచాడు. 60 ఏళ్లకు పైగా ఎవరికీ లొంగని బ్రామా తాళాన్ని 16 రోజుల్లో, మొత్తం 51 గంటలు కుస్తీ పట్టి తెరిచాడు. ఇవన్నీ బయటపెడితే దొంగలకి నేర్పినట్టేనన్నారు కొందరు. దొంగలకి ముందే తెలుసు, తెలియనిది కొనుక్కున్నవాళ్లకే అన్నది హాబ్స్ వైపు వాదన. నాకు అదే సబబనిపిస్తుంది. గుడిలో కోడెను కట్టే తాడుకి తాళమేం ఉండదు, ముడి ఎవరికైనా ఊడుతుంది. విప్పడం రావడం వేరు, విప్పే హక్కు వేరు.

అసలు చిక్కు ఆ హక్కు ఎవరికుందో తేల్చడంలో ఉంది. ఇస్త్రీ చొక్కా, పక్కన భార్యాపిల్లలు ఉంటే కాగితం అడగడానికి మొహమాటపడతాం. లుంగీ కట్టుకుని ఒంటరిగా నిలబడ్డవాడిని మాత్రం వంద ప్రశ్నలు వేస్తాం. దాన్ని జాగ్రత్త అనుకుంటాం గానీ, అది బట్టలు చూసి నమ్మకం పంచడమే. పైగా తెలివైన దొంగ ఇస్త్రీ చొక్కాలోనే వస్తాడు.

కాబట్టి అందరినీ అడగాలి. డోరు తెరిచాక ఆర్సీ చూసేదాకా తాళంచెవి ఇవ్వకూడదు. అడగడం అవమానం కాదు. కొందరినే అడగడం అవమానం.

ఒక్కచోట మాత్రం ఏ ప్రశ్నా వద్దు. ఎండలో, మూసిన కారులో పసిపిల్ల ఉంటే బండి ఎవరిదైనా ఒకటే. పిల్లకి దూరంగా ఉన్న పక్క అద్దం పగలగొట్టాలి. ఆర్సీ సంగతి తర్వాత చూసుకోవచ్చు.