బిడ్డకు ఆటిజం ఉంటే తల్లి కర్మ అనొచ్చా?

ఈ వారం వీడియోలో కర్మ గురించి చెప్పుకున్నాం కదా. సమయం చాలక వదిలేసిన ప్రశ్న ఒకటుంది. బిడ్డకు ఆటిజం ఉందని తెలిస్తే, అది తల్లి చేసుకున్న కర్మ అనొచ్చా?

మాది కామారెడ్డి. ఎల్లారెడ్డిలో చుట్టాలున్నారు. అక్కడ పెళ్లిళ్లకు, పండుగలకు పోయినప్పుడు ఈ మాట చాలాసార్లు విన్నాను. మూడేళ్లొచ్చినా పిల్లగాడు మాట్లాడట్లేదు, పేరు పెట్టి పిలిస్తే చూడట్లేదు అంటే చాలు. "ఏ జన్మల పాపమో", "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయటికొచ్చిందట" అంటారు. నింద మాత్రం ఎప్పుడూ తల్లి మీదికే పోతుంది.

ఇది మన ఊళ్ల సంగతే కాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లలను గమనించి ఆటిజం గురించి రాశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు, తల్లి ప్రేమ చూపకపోవడమే కారణమని అక్కడి పెద్ద పెద్ద నిపుణులే అన్నారు. 1977లో బ్రిటన్‌లో కవలల మీద చేసిన పరిశోధన జన్యువుల వైపు చూపించింది. 1998లో ఒక టీకా మీద అనుమానం లేపిన వ్యాసాన్ని, 2010లో ఆ పత్రికే వెనక్కి తీసుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లలను పరిశీలించి, ఆ టీకాకూ ఆటిజానికీ సంబంధం లేదని 2019లో చెప్పారు. ఇవాళ పరిశోధకులు చెప్పేది ఏంటంటే, ఎన్నో జన్యువులు, నెలలు బాగా తక్కువగా పుట్టడం, తల్లిదండ్రుల వయసు లాంటివి కలిసి పనిచేస్తాయి. పెంపకం తప్పు కాదు.

"మరి కర్మ లేదా?" అంటారా? ఉందనే నేను నమ్ముతాను. కానీ కర్మ గతి తెలియడం కష్టమని గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడే అన్నాడు. మరి పక్కింటామె పూర్వజన్మ మనకెలా తెలిసింది? మహాభారతంలో అష్టావక్రుడి కథ చూడండి. ఎనిమిది వంకరలతో పుట్టడం తల్లి సుజాత తప్పు కాదు. అయినా ఆ బిడ్డను పెంచింది ఆమే. కర్మ సిద్ధాంతం నేను చేసే పనిని నేను సరిచూసుకోవడానికి, ఇంకొకరి మీద తీర్పు చెప్పడానికి కాదు.

ఈ నిందకు భయపడే చాలామంది బిడ్డను ఇంట్లో దాచేస్తారు. చిన్నప్పుడే మొదలుపెట్టాల్సిన శిక్షణ ఆలస్యమవుతుంది. మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ 1984 నుంచి ఉంది. కామారెడ్డి నుంచి నేరుగా రైలుంది. ఆ తల్లి ఒక్కతే పోకుండా మీరూ తోడు వెళ్లండి. ఈ జన్మలో మన చేతుల్లో ఉన్న కర్మ అదే.

శుభం.