శవానికి చిరునవ్వు దిద్దే సినిమా
ప్రతి ఒక్కరినీ ఏదో ఒకచోట నొప్పించే సినిమా అని 1965లో 'ది లవ్డ్ వన్' నిర్మాతలే ప్రచారం చేసుకున్నారు. పాత పోస్టర్లు పోగుచేసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

మూలం ఈవెలిన్ వా 1948 నాటి నవల. అంతకు ముందటేడు కాలిఫోర్నియా వెళ్లినప్పుడు ఆయన గ్లెండేల్‌లోని ఫారెస్ట్ లాన్ శ్మశానవాటిక చూశాడు. పచ్చికబయళ్లు, పాలరాతి శిల్పాలు, అన్నీ ఉన్నాయి. చావు భయమే లేదు. క్యాథలిక్ అయిన వాకు అది మింగుడుపడలేదు. దేవుడి తీర్పు ఊసే ఎత్తని ఓదార్పును మతం అనవచ్చా?

దర్శకుడు టోనీ రిచర్డ్‌సన్ ఆ ప్రశ్నను వెటకారంలో ముంచితీశాడు. శవాలను ముస్తాబు చేసే జాయ్‌బాయ్ (రాడ్ స్టైగర్) వాటి పెదాలపై నవ్వులు దిద్ది తోటి ఉద్యోగినికి ప్రేమ తెలుపుతాడు. పియానో వాయించే లిబరాచీ ఇక్కడ పెళ్లిచీరలు పరిచినంత మురిపెంగా శవపేటికలు చూపిస్తాడు. కథానాయకుడి కొలువేమో పెంపుడు జంతువుల శ్మశానంలో. కుక్కకూ మనిషికీ ఒకే తంతు అమ్ముడవుతుంటే, ఇక ఆత్మ ఎవరిది? సినిమాలో పదునంతా ఇక్కడే. శవాలను అంతరిక్షానికి పంపే చివరి ఘట్టం మాత్రం శ్రుతి మించింది.

దుఃఖంలో ఉన్నవాళ్లను ఆటపట్టించడం పాపం కాదా అని భక్తులు అడగవచ్చు. అయితే ఇక్కడి ఎగతాళి ఏడ్చేవాళ్ల మీద కాదు, బిల్లు వేసేవాళ్ల మీద.

దేహాన్ని పాడవకుండా దాచే పిచ్చిని చూసి నవ్విన ఈ చిత్రాన్నే సేకర్తలు రీళ్లుగా, డిస్కులుగా భద్రపరుస్తున్నారు. హాస్కెల్ వెక్స్‌లర్ నలుపు తెలుపు ఛాయాగ్రహణం కోసమైనా ఆ శ్రమ తగినదే.