కోటయ్య వేసిన తాడు



ఈ వారం వీడియోలో గృహస్థాశ్రమం గురించి మాట్లాడాను కదా. అందులో చెప్పలేకపోయిన సంగతి ఒకటి ఉంది. టైమ్ లేక కాదు, గొంతు రాక. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "ఆఫీసు, ఈఎంఐ, పిల్లల చదువులు... వీటి మధ్య సాధన ఎక్కడ కుదురుతుందండీ?"

మా తాతయ్య పోయిన నెల కాలం చేశారు. 92 ఏళ్లు. నరసరావుపేట దగ్గర పల్లె, నల్లరేగడి నేల, జీవితమంతా పత్తీ మిరపే. కాశీ వెళ్లలేదు, ఏ గురువు దగ్గరా మంత్రం తీసుకోలేదు. ఏటా శివరాత్రికి కోటప్పకొండ ఎక్కి త్రికోటేశ్వరుణ్ణి చూసి వచ్చేవారు, అంతే. ఆయన్ని భక్తుడని నేనెప్పుడూ అనుకోలేదు. పెద్దకర్మ రోజు నాయనమ్మ చెప్పిన మాటతో నా లెక్క తప్పింది.

1987లో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తికి తెల్లదోమ పట్టింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. పంట పోయింది, మందుల అప్పు మిగిలింది. ఆ రోజుల్లో ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా ఇంట్లో పెళ్లికెదిగిన అత్తయ్యలిద్దరు, కాలేజీలో నాన్న.

ఒక రాత్రి తాతయ్య అన్నం ముట్టలేదట. నాయనమ్మకి భయమేసింది. ఏమీ అనకుండా గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకుంది. నిద్ర ఎవరికి పడుతుంది? తెల్లవారుజామున ఆయన లేచి వచ్చి, ఆవిడని దాటకుండా పక్కనే కూర్చున్నారట. కాసేపటికి, "లేవ్వే, గొడ్లకి కుడితి పెట్టాలి" అన్నారట.

అంతే. ఆ ఒక్క మాట మీద మా ఇల్లు నిలబడింది. అప్పు తీరడానికి ఏడేళ్లు పట్టింది.

మహాభారతం అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుడు ఉన్నాడు. తపస్సు చేశాడు, కోపంగా చూస్తే కొంగ కాలిపోయింది. అలాంటివాడికి ధర్మం నేర్చుకోమని ఒక ఇల్లాలు ఎవరి దగ్గరికి దారి చూపింది? మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరికి. ఆయన కౌశికుణ్ణి ఇంట్లోకి తీసుకెళ్లి ముసలి తల్లిదండ్రుల్ని చూపించి, నాకు ప్రత్యక్ష దైవాలు వీళ్లే అన్నాడు.

శాస్త్రం గృహస్థుకి ఐదు యజ్ఞాలు చెప్పింది. దేవతలకి, పితృదేవతలకి, మనుషులకి, మిగతా ప్రాణులకి, చదువుకి. తాతయ్యకి ఆ పేర్లు తెలియవు. కానీ పొద్దున్నే సూర్యుడికి దణ్ణం. పిచ్చుకల కోసం చూరుకి వరి కంకుల కుచ్చు. కూలీలు తిన్నాకే తన అన్నం. పెద్దల తద్దినం ఏ ఏడూ తప్పలేదు. సాయంత్రం రేడియోలో పురాణం. మిర్చి యార్డుకి టిక్కీలు కట్టేటప్పుడు, అడుగున తాలుకాయలు కలిపితే నాలుగు డబ్బులు మిగులుతాయని నాన్న అన్నాడట. "తినేది ఎవరి పిల్లలో రా" అన్నారట తాతయ్య. ఇది పూజ కాకపోతే మరేది పూజ?

ఇక నా సంగతి. చివరి రోజుల్లో ఆయన ఫోన్ చేస్తే, "షూటింగ్‌లో ఉన్నా తాతయ్యా, మళ్లీ చేస్తా" అనేవాణ్ణి. "సరే నాయనా, అన్నం తిన్నావా?" అని పెట్టేసేవారు. పితృయజ్ఞం గురించి వీడియో చేస్తూ ఆయన ఫోన్ తీయలేదు నేను. ఈ తప్పు మీ ముందు ఒప్పుకోకుండా మళ్లీ కెమెరా ముందు కూర్చోవడం నాకు కుదరదు.

కోటప్పకొండ ఎక్కేవాళ్లు "చేదుకో కోటయ్యా" అని అరుస్తారు. బావిలోంచి చేదతో నీళ్లు తోడినట్టు నన్ను పైకి లాగు స్వామీ అని. ఆ రాత్రి తాతయ్య చాలా లోతు బావిలో ఉన్నారు. స్వామి తాడు వేశాడు. ఆ తాడు గుమ్మానికి అడ్డంగా పడుకున్న నాయనమ్మ, కుడితి కోసం ఎదురుచూసే గొడ్లు. సంసారం సాధనకి అడ్డం అనుకుంటాం. ఆయన్ని పైకి తెచ్చింది ఆ సంసారమే.

మీలో ఎవరైనా అలాంటి రాత్రిలో ఉంటే ఒంటరిగా కూర్చోకండి. ఇంట్లో ఒకరిని లేపండి, చెప్పండి. మిగతావాళ్లు ఈ రోజు దీపం పెట్టాక ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకి ఒక్క ఫోన్ చేయండి. అన్నం తిన్నారా అని ఈసారి మీరే అడగండి.

చేదుకో కోటయ్యా.