వాడిన నీరు, పచ్చని తోట

ఒకసారి మలినమైనది ఎల్లకాలము మలినమేనా? ఈ ప్రశ్నను మనుష్యులను గూర్చి మనము తరచుగా అడుగుచుందుము. నేడు నీటిని గూర్చి అడిగి చూతము.

అమెరికా దేశమందలి అరిజోనా రాష్ట్రములో టూసాన్ అను పట్టణము కలదు. అది ఎడారి సీమ. ఏడాదికి పడు వాన సుమారు 12 అంగుళములు. మన అనంతపురము సీమలో పడుదానిలో ఇంచుమించు సగము. ఆ పట్టణస్థులు బహుకాలము త్రాగుటకును తోటలకును భూగర్భ జలమునే తోడుకొనిరి. తోడినకొలది నీటిమట్టము క్రుంగి, కొన్నిచోట్ల నూరడుగులకు పైగా దిగిపోయెను. కావున 1984 మొదలు ఇండ్లనుండి వచ్చు మురుగునీటిని శుద్ధిచేసి, ఉద్యానవనములకును బడుల ఆటస్థలములకును గోల్ఫు మైదానములకును పారించుచున్నారు.

ఆ శుద్ధి ఎట్లు జరుగును? మొదట మడ్డిని అడుగున పేరనిత్తురు. తరువాత కంటికి కనబడని సూక్ష్మజీవులు మిగిలిన మలినమును తినివేయును. పిమ్మట నీటిని వడపోసి, క్లోరిను వంటి మందుతో రోగక్రిములను చంపుదురు. టూసానులో కొంత నీటిని మడుగులలో నిలిపి, నేలలోనికి ఇంకనిచ్చి, మరల తోడుకొందురు. మట్టియే అచ్చట గొప్ప వడపోతగుడ్డ.

“ఛీ, మురుగునీటితో పెరిగిన గడ్డిమీద మన బిడ్డలాడుదురా?” అని నీవు అనవచ్చును. ఆ రోతను పరిహసింపరాదు. అది ఎన్నో రోగములనుండి మనలను కాపాడినది. సాన్‌ఫ్రాన్సిస్కో పట్టణములో గోల్డెన్ గేట్ ఉద్యానవనమునకు పూర్వము శుద్ధిచేయని మురుగునే పారించిరి. దుర్గంధమునకు జనులు మొరపెట్టిరి. వారి మొర న్యాయమైనది. 1932లో అచ్చట శుద్ధి కర్మాగారము కట్టిరి.

అయితే రోత ఎల్లప్పుడును సత్యము పలుకదు. మన పల్లెలలో తేటనీటి బావిని కొందరి చేయి తగిలినంతనే మైలపడినదనిరి గదా! ఆ నీటిలో మురికి లేదు. మురికి అన్నవాని మనస్సులో నుండెను. అదే మనుష్యుడు పశువులు కలచిన చెరువులో మునిగి శుద్ధుడనైతిననుకొనెను. కనుక దేనినైనను అది ఎచ్చటనుండి వచ్చెనో చూచి త్రోసివేయక, ఇప్పుడెట్లున్నదో పరీక్షించి తీర్పుతీర్చుట న్యాయము.

ఇందులో మరియొక పాఠము గలదు. అమెరికాలో ఈ నీటి గొట్టములకు ఊదారంగు వేయుదురు. “త్రాగరాదు” అని పలకలు కట్టుదురు. గడ్డికి చాలునంత శుద్ధియే దానికి చేసిరి. అంతకుమించి గొప్ప చెప్పుకొనరు. దానిలో ఉప్పు కొంత ఎక్కువగా నుండును. ఓర్వలేని చెట్ల ఆకులు అంచులు మాడును. మంచి పనియైనను దాని కొరతను దాచరాదు.

ఇక కఠినమైన ప్రశ్న. ఎడారిలో పచ్చిక ఏల? శుద్ధిచేసిన నీరును నీరే. టూసాన్ ప్రక్కన ఎండిపోయిన సాంతా క్రూజ్ నది కలదు. 2019లో ఈ నీటిలో కొంత ఆ నదిలోనికి వదలిరి. నది అడుగుచుండగా, కొద్దిమంది వినోదమునకు విశాలమైన మైదానములను తడుపుట తగునా? కూలివాని బిడ్డ మధ్యాహ్నమున కూర్చుండు చెట్టు నీడకైతే తగునందును. నీడ విలాసము కాదు. ఎండదేశములో అది ప్రాణాధారము. వేడుకకు పరచిన పచ్చికకైతే సందేహింతును. తిరిగి వాడుకొనుట దుబారా చేయుటకు అనుమతి కారాదు.

చదువరీ, ఇది మనకు క్రొత్త విద్య కాదు. బియ్యము కడిగిన నీరు కుడితి తొట్టికి, స్నానపు నీరు అరటి పాదుకు పంపిన తల్లులు మన యిండ్లలోనే యుండిరి. నేడు కుళాయి వచ్చినది, పాదు ఎండినది, వాడిన నీరు వీధిలో నిలిచి దోమలను పెంచుచున్నది. నీ యింటినుండి పారు నీరు ఎచ్చటికి పోవుచున్నదో ఈ దినమే వెళ్లి చూడుము. అది పొరుగువాని గుమ్మము ముందు నిలుచుచున్న యెడల, నీ పాదు త్రవ్వుటకు రేపటివరకు ఆగవద్దు.