ఏడో వార్డు కోరిన పాట

అనగనగా ఇంగ్లండులో ఉత్తరాన నూలు మిల్లుల ఊరొకటి. ఆ ఊరి పెద్దాసుపత్రిలో, నేలమాళిగలో, బాయిలర్ పక్కన ఒక ఇరుకు గది. అందులో రెండు రికార్డు ప్లేయర్లు, ఒక మైకు. బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు. ఆ గది నుంచి బయల్దేరిన వైర్లు గోడల వెంట పైకి పాకి, ప్రతి మంచం తలాపున కొక్కేనికి వేలాడే హెడ్‌ఫోన్ దగ్గర ఆగేవి. ఆసుపత్రి ప్రహరీ దాటితే ఆ రేడియో ఎవరికీ వినిపించదు. దాన్ని నడిపేవాళ్ళలో జీతగాడన్నవాడు లేడు. పగలు బస్సు తోలేవాడు, బళ్ళో పాఠాలు చెప్పే ఆవిడ, బ్యాంకు గుమస్తా, సాయంత్రం తమ పనులు ముగించుకుని వచ్చేవాళ్ళు.

వాళ్ళలో ఒక రిటైరైన పోస్ట్‌మాన్ ఉన్నాడు. ఆయనకు నత్తి. మైకు ముందు ఏనాడూ కూర్చోలేదు. ప్రతి మంగళవారం ఆరింటికి నోటుబుక్కు పట్టుకుని వార్డులన్నీ తిరగడం ఆయన పని. మంచం మంచం దగ్గరా ఆగి, "ఈ రాత్రికి మీకోసం ఏం వెయ్యమంటారు?" అని అడిగేవాడు. నత్తి వల్ల ఆ ఒక్క ప్రశ్నకే కాసేపు పట్టేది. చెప్పింది రాసుకుని ఎనిమిదింటికల్లా కిందికి దిగేవాడు.

మైకు ముందు కూర్చునేది ఒక కుర్రాడు. పంతొమ్మిదేళ్ళు. మంచి గొంతు. ఎప్పటికైనా బీబీసీలో చేరాలని కోరిక. ముసలాయన తెచ్చే జాబితా చూస్తే అతనికి నీరసం వచ్చేది. వారం వారం అవే పాటలు. వాటికంటే మంచి రికార్డులు బీరువా నిండా ఉన్నాయి, అడిగేవాడు లేడు.

ఒక చలికాలం పోస్ట్‌మాన్‌కు దగ్గు పట్టుకుంది. వసంతం దాకా ఇల్లు కదలొద్దన్నాడు డాక్టరు. ఆయన నోటుబుక్కును భార్య చేత పంపించాడు. కుర్రాడు దాన్ని తెరవకుండానే సొరుగులో పెట్టేశాడు. పదకొండు వార్డులు తిరగాలంటే రెండు గంటలు. ఆ రెండు గంటలూ రికార్డులు ఏరుకోవడానికి పెడితే కార్యక్రమం ఎంత బాగుంటుంది! పాటలు తానే ఎంచుకున్నాడు. వట్టి పాటలైతే బాగుండదని కోరినవాళ్ళను కూడా తానే పుట్టించాడు. "మూడో వార్డు నుంచి ఒక పెద్దాయన కోరిన పాట... ఏడో వార్డు నుంచి ఒక అమ్మగారు కోరిన పాట..."

కార్యక్రమం నిజంగానే బాగుంది. ఎక్కడా తడబాటు లేదు, పాట వెనక పాట పూలదండలా అమిరేది.

కొన్ని వారాలకు హెడ్‌ఫోన్లు బాగుచెయ్యడానికి పైకి వెళ్ళాల్సి వచ్చింది. ఏడో వార్డు గుమ్మం దగ్గర సిస్టర్ ఆపింది. "ఏడో వార్డులో అమ్మగారెవరు నాయనా? ఇది మగవాళ్ళ వార్డు కదా" అంది. కోపంగా అనలేదు, తెలుసుకుందామని అడిగింది. కుర్రాడు తల దించుకుని లోపలికి నడిచాడు. హెడ్‌ఫోన్లన్నీ కొక్కేలకే వేలాడుతున్నాయి. కాలికి కట్టుతో పడుకున్న ఒకాయన్ను, "ఇది పాడైందా అండీ?" అని అడిగాడు.

"పాడవలేదు. మేమే వినడం మానేశాం."

"పాటలు బాగుండటం లేదా?"

"మునుపటికంటే బాగున్నాయి. కానీ అందులో మావాళ్ళ పాట ఒక్కటీ లేదుగా బాబూ. ఇదివరకు నా పాట రాకపోయినా పక్క మంచమాయనది వచ్చేది. ఆయన అడుగుతుంటే నేను ఇక్కడ పడుకునే విన్నాను. వేస్తారా, మరిచిపోతారా అని ఇద్దరం పందెం కట్టుకుని కూర్చునేవాళ్ళం."

ఆ రాత్రి కుర్రాడు సొరుగులోంచి నోటుబుక్కు తీశాడు. పాటల పేర్ల పక్కన సన్నటి అక్షరాలతో ఏవో రాసి ఉన్నాయి. 'గురువారం ఆపరేషను. ఈ పాట ముందే వెయ్యాలి.' 'నిద్ర పట్టడం లేదట. ఆఖర్న వెయ్యి, అప్పటిదాకా ఎదురుచూడ్డానికి ఏదో ఒకటి ఉంటుంది.' 'భార్య వచ్చే మంగళవారం వస్తుంది, ఆమెకు వినిపించాలట. అప్పటిదాకా ఆపు.' ఏడో వార్డు కిటికీ పక్క మంచానికి మాత్రం ప్రతి వారం ఒకటే మాట: 'ఏమీ వద్దన్నారు. మళ్ళీ అడగాలి.' ఒక్క వారం మాత్రం ఇంకొక ముక్క ఉంది: 'ఏమీ వద్దన్నారు. కుక్క పేరు చెప్పారు.'

మరుసటి మంగళవారం కుర్రాడు నోటుబుక్కు పట్టుకుని వార్డులు తిరిగాడు. కిటికీ పక్క మంచం దగ్గర ఆగాడు. "ఈ రాత్రికి మీకేం వెయ్యమంటారు?"

"నాకేమీ వద్దు" అన్నాడాయన. కుర్రాడు సరేనని కదిలాడు. "ఆగు. ఆ పోస్టాయన ఎలా ఉన్నాడు?"

"దగ్గు తగ్గలేదండీ. ఇంట్లోనే ఉన్నారు."

"అయితే ఆయనకొక పాట వెయ్యి."

ఇన్నాళ్ళు పక్కన పనిచేసినా ఆయనకు ఏ పాట ఇష్టమో కుర్రాడికి తెలియదు. ఆ మాటే చెప్పాడు.

"నాకు తెలుసు" అన్నాడు కిటికీ పక్కనాయన. "వారం వారం నన్నడిగేవాడు గదా. ఒకసారి నేనే అడిగాను, మీకేం ఇష్టమని. చాలాసేపు పట్టింది చెప్పడానికి. చెప్పాడు."

"కానీ మన రేడియో ఆసుపత్రి దాటి వినిపించదండీ. ఆయనకు చేరదు."

"తెలుసు. అయినా వెయ్యి. ఎవరు కోరారో కూడా చెప్పు."

ఆ రాత్రి ఎనిమిదింటికి కుర్రాడు మొట్టమొదట ఆ పాటే వేశాడు.

నీతి ఇదీ: మంచాన పడ్డ మనిషికి పాట వినిపించడం మంచి పని. ఏ పాట కావాలని ఆ మనిషిని అడగడం అంతకంటే మంచి పని. అడక్కుండా ఇచ్చేది ఎంత గొప్పదైనా, తీసుకునేవాడికి అందులో భాగం ఉండదు.

కథ కల్పితం. అలాంటి గదులు మాత్రం బ్రిటన్ ఆసుపత్రుల్లో ఎన్నో ఉన్నాయి. వాటిని నడిపేవాళ్ళు స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళే. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1919లో, వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో గాయపడ్డ సైనికుల కోసం ఇలాంటి ప్రయత్నం జరిగింది. బ్రిటన్‌లో దీనికి పుట్టిల్లు యార్క్ అంటారు. బీబీసీ పుట్టిన మూడేళ్ళకు, 1925లో, యార్క్ కౌంటీ ఆసుపత్రిలో మంచాల పక్కన హెడ్‌ఫోన్లు, వార్డుల్లో లౌడ్‌స్పీకర్లు అమర్చారు. రెండో యుద్ధం తర్వాత చాలా ఊళ్ళలో ఇది ఫుట్‌బాల్‌తో మొదలైంది. కాలు విరిగి మంచాన పడ్డవాడికి శనివారం మధ్యాహ్నం తన ఊరి జట్టు ఆట చూడలేకపోవడం నొప్పికంటే పెద్ద బాధ. మైదానంలో ఒకరు కూర్చుని ఆటను మాటల్లో చెబుతుంటే టెలిఫోన్ తీగల మీదుగా అది వార్డుకు చేరేది. పాటలు, కోరికల కార్యక్రమాలు తర్వాత పెరిగాయి. 1970 నాటికి ఈ రేడియోలన్నిటికీ ఒక జాతీయ సంఘం ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు హాస్పిటల్ బ్రాడ్‌కాస్టింగ్ అసోసియేషన్. బీబీసీ రేడియో 2లో దశాబ్దాల పాటు వినిపించిన కెన్ బ్రూస్ మొదట మైకు పట్టింది గ్లాస్గోలోని ఇలాంటి ఆసుపత్రి రేడియోలోనే. అక్కడికి నేర్చుకోవడానికి వచ్చే కుర్రవాళ్ళను తక్కువ చెయ్యకూడదు. నేర్చుకునేవాడూ, వినేవాడూ ఇద్దరూ బాగుపడే చోట్లు లోకంలో తక్కువ.

ఆసుపత్రిలో రోగికి ప్రశ్నల కరువు ఉండదు. పొద్దున లేచింది మొదలు అడుగుతూనే ఉంటారు. నిద్ర పట్టిందా, విరేచనం అయిందా, నొప్పి పదిలో ఎంత, పుట్టిన తేదీ ఎంత, ఏ మందు పడదు? అవన్నీ అవసరమైన ప్రశ్నలే, ప్రాణం కాపాడే ప్రశ్నలు. కానీ అవన్నీ ఒంటి గురించి. కట్టుకునే బట్ట ఆసుపత్రిది. తినే వేళ ఆసుపత్రిది. దీపం ఆర్పేది కూడా వాళ్ళే. అలాంటి చోట ఒక మనిషి వచ్చి, మీకేది ఇష్టం అని అడిగితే, దానికి సరైన జవాబు తెలిసినవాడు ఆ భవనం మొత్తంలో ఒక్కడే ఉంటాడు. ఏ డాక్టరూ అతన్ని సరిదిద్దలేడు. చాలాకాలం తర్వాత మొదటిసారి తన విషయంలో తానే పెద్ద. ఆ పాట ఎక్కడ విన్నాడో, ఎవరితో విన్నాడో చెప్పడం మొదలుపెడితే పది నిమిషాలు తెలియకుండా గడిచిపోతాయి. వార్డుకు వచ్చిన ఆ సాయంత్రపు మనిషి చేసే చికిత్స ఏమీ లేదు, కూర్చుని వినడం తప్ప. రేడియో నడిపేవాళ్ళు నిజంగా గర్వపడవలసింది ఈ పది నిమిషాల గురించే అని నా నమ్మకం.

ఈ అడగడానికీ ఒక పద్ధతి ఉంది. జబ్బేమిటని అడక్కూడదు. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినాలి. మంచం మీద కూర్చోకూడదు. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్ళేముందు చేతులు శుభ్రం చేసుకోవాలి. తెర లాగి ఉంటే ముందుకు సాగిపోవాలి. రేడియోలో ఇంటిపేరు చెప్పకూడదు, జబ్బు ప్రసక్తి అసలే తేకూడదు. వద్దంటే వద్దన్నట్టే, బతిమాలకూడదు. కానీ వచ్చేవారం మళ్ళీ వెళ్ళాలి. ఇందులో అన్నిటికంటే కష్టమైంది చివరిదే, ఎందుకంటే వద్దన్న మనిషి దగ్గరికి మళ్ళీ వెళ్ళడానికి అభిమానం అడ్డొస్తుంది.

చేతిలో ఫోను ఉండగా ఈ రేడియోలు ఇంకెందుకని అడిగేవాళ్ళున్నారు. ప్రశ్న న్యాయమైందే. కోరిన పాట ఫోనులో క్షణంలో దొరుకుతుంది. జాగా కొరతతో, వినేవాళ్ళు తగ్గి, కొన్ని రేడియోలు మూతపడ్డాయి కూడా. కానీ ఫోను ఎవరినీ పలకరించదు. వార్డులో ఉన్న ఎనభై ఏళ్ళ వాళ్ళలో ఎందరికి దాన్ని నొక్కడం వచ్చు, మత్తు ఇంకా దిగని చేతులకు ఎంత పట్టు ఉంటుంది అన్నది ఇంకో సంగతి. 2020లో కరోనా వచ్చినప్పుడు చూసేందుకు వచ్చేవాళ్ళను గుమ్మంలోనే ఆపేశారు. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళూ వార్డుల్లోకి వెళ్ళలేకపోయారు. అప్పుడు చాలామంది తమ ఇళ్ళ నుంచే కార్యక్రమాలు నడిపారు. లోపలికి రాలేని కుటుంబాలు చెప్పిన మాటలను పేరుపేరునా చదివారు. ముసుగు వెనక నుంచి మాట్లాడుతూ రాత్రి డ్యూటీ చేసే నర్సులకు కూడా ఎవరో ఒకరు ధన్యవాదాలు చెబుతూ పాట వేశారు.

మన దగ్గర ఈ ఆసుపత్రి రేడియో ఎందుకు వ్యాపించలేదని ఆలోచిస్తే కారణం కనిపిస్తుంది. బ్రిటన్‌లో చూసేందుకు వచ్చేవాళ్ళకు వేళలున్నాయి. వేళ కాగానే వార్డు ఖాళీ. మన ఆసుపత్రుల్లో మంచం పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. క్యారియర్ తెచ్చేవాడు, మంచం కింద చాప పరుచుకుని పడుకునేవాడు, మందుల చీటీ పట్టుకుని పరిగెత్తేవాడు. గుంటూరు పెద్దాసుపత్రికి, ఉస్మానియాకు, విశాఖ కేజీహెచ్‌కు వెళ్ళినవాళ్ళెవరికైనా ఇది తెలుసు. ఆ మనిషి ఉన్నంతకాలం రేడియో అవసరం పడలేదు. ఇప్పుడు పిల్లలు డల్లాస్‌లోనో, సిడ్నీలోనో ఉంటే, తల్లిని చూసుకునేది జీతానికి పెట్టిన ఆయా. ఆయా మందులు వేస్తుంది, అన్నం పెడుతుంది. మీకు ఏ పాట ఇష్టమండీ అని అడగాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

పేరు కోసం చెవి ఒగ్గి కూర్చోవడం మనకు కొత్త కాదు. వివిధభారతి జనరంజనిలో పాటకు ముందు ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు వరసగా చదువుతుంటే, కార్డు రాసినవాళ్ళు పాటకంటే ముందు తమ పేరు కోసమే ఆగేవాళ్ళు. డబ్బూ పెద్ద చదువూ లేకపోయినా రేడియో నడపవచ్చని కూడా మనవాళ్ళే చూపించారు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008లో మొదలైన సంఘం రేడియోను నడిపింది పొలం పని చేసుకునే దళిత మహిళలు.

ఆసుపత్రిలో మొదలుపెట్టడానికి ప్రసారయంత్రం కూడా అక్కర్లేదు. సూపరింటెండెంట్ అనుమతి, ఒక్క వార్డు, ఫోనుకు తగిలించే నాలుగైదు హెడ్‌ఫోన్లు, ప్రతిసారీ వాటిని తుడవడానికి స్పిరిట్, దూది. నర్సింగ్ కాలేజీ పిల్లలు, రిటైరైన మాస్టర్లు కలిసి నలుగురుంటే సరిపోతుంది. పాటలే కానక్కర్లేదు. ఒకావిడ హరికథ అడుగుతుంది, ఒకాయన పాత క్రికెట్ కామెంటరీ అడుగుతాడు, ఇంకొకరికి తమ ఊరి యాసలో ఎవరైనా పేపరు చదివితే చాలు. లౌడ్‌స్పీకర్ మాత్రం పెట్టకూడదు, పక్క మంచం మీద అప్పుడే ఆపరేషన్ అయి వచ్చినవాళ్ళు ఉంటారు. రోజు మారకుండా చూసుకోవాలి. మంగళవారం అని చెబితే మంగళవారమే వెళ్ళాలి, ఆ నలుగురిలో ఒకరికి వీలు కాకపోతే ఇంకొకరు ఆ వార్డుకు వెళ్ళేట్టు ముందే మాట్లాడుకోవాలి.